దూరదారికి సన్నాహం

ఉద్దేశం

దూరప్రయాణానికి ముందు చేసుకోవలసిన సన్నాహం ఎటువంటిదో తెలియజేయడం, ఆ సన్నాహంలో లెక్కకు, వినయానికి ఉన్న స్థానాన్ని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ నేపథ్యం

కెనడా దేశపు వాయవ్య మూలన యూకాన్ అనే ప్రాంతం ఉంది. అక్కడి డాసన్ సిటీ పట్టణ సమీపం నుండి ఉత్తరంగా, ఆర్కిటిక్ వలయాన్ని దాటి సాగే మార్గం పేరు డెంప్‌స్టర్ రహదారి. నేడు యాత్రికులు 'మోటార్‌హోమ్' అనే వాహనాలలో ఆ దారిన ప్రయాణిస్తున్నారు. అదే ప్రాంతంలో 1910–11 శీతకాలంలో నలుగురు పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. నేటి యాత్రికుని సన్నాహాన్ని, నాటి దుర్ఘటనను పక్కపక్కన ఉంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పాఠ్యభాగం

యాత్ర అనగానే తెలుగువారికి ఏనుగుల వీరాస్వామయ్య జ్ఞప్తికి రావడం సహజం. ఆయన 1830 మే 18న చెన్నపట్టణం నుండి బయలుదేరి, కాశీ మొదలైన క్షేత్రాలు సేవించి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. సుమారు నూరుమంది పరివారంతో పదిహేను నెలలకు పైగా సాగిన యాత్ర అది. తాను రచించిన 'కాశీయాత్ర చరిత్ర'లో ఆయన క్షేత్రమాహాత్మ్యాలను మాత్రమే వర్ణించి ఊరుకోలేదు. ఏ మజిలీలో దిగడానికి చోటు ఉన్నది, ఎక్కడ మంచినీరు లభిస్తుంది, ఏ ఊరి అంగళ్ళలో ఏ వస్తువులు దొరుకుతాయి, ఏ దారి రాళ్ళతో నిండినది అనే సంగతులను కూడా ఓపికగా వ్రాశాడు. తన వెనుక వచ్చే బాటసారికి ఇవన్నీ ఉపయోగపడతాయని ఆయనకు తెలుసు. దూరదారిన పోయేవానికి కావలసిన మొదటి గుణం ఆ ఎరుకయే. తాను పోబోయే దారిలో ఏమి ఉన్నదో, అంతకంటె ముఖ్యంగా ఏమి లేదో, ముందుగా తెలుసుకొనడమే సన్నాహానికి పునాది.

'ఏమి లేదో' అన్న మాట భూమికి ఉత్తరపు కొసన మరింత నిజమవుతుంది. డెంప్‌స్టర్ రహదారి అందుకు చక్కని ఉదాహరణ. దీని నిర్మాణం 1959లో ప్రారంభమై, 1979లో పూర్తయింది. డాసన్ సిటీకి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న కూడలి వద్ద మొదలై, ఇనూవిక్ అనే పట్టణం వరకు 736 కిలోమీటర్లు సాగుతుంది. 2017లో దానికి కొనసాగింపుగా మరొక దారి తెరవడంతో, ఇనూవిక్ నుండి ఆర్కిటిక్ సముద్రతీరాన ఉన్న టక్టోయాక్టక్ అనే ఊరి వరకు సుమారు 138 కిలోమీటర్లు అదనంగా పోవచ్చు. దాదాపు అంతా కంకర దారియే. మొదటి 369 కిలోమీటర్ల వరకు ఊరన్నది లేదు. అక్కడ ఈగిల్ ప్లెయిన్స్ అనే చోట ఒక హోటలు, ఒక ఇంధన కేంద్రం ఉన్నాయి. దానిని దాటిన తరువాత ఫోర్ట్ మెక్‌ఫర్సన్ అనే ఊరు వచ్చేవరకు సుమారు 180 కిలోమీటర్ల దూరం మళ్ళీ నిర్మానుష్యమే. మార్గంలో అత్యధిక భాగం సెల్‌ఫోనుకు సంకేతం అందదు.

ఈ దారిని నిర్మించిన తీరు కూడా తెలుసుకోదగినది. అక్కడి నేల పైపొర క్రింద ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది. దీనిని శాశ్వత హిమభూమి అంటారు. దానిపై నేరుగా దారి వేస్తే వాహనాల వేడికి, ఎండ వేడికి లోపలి మంచు కరిగి దారి కుంగిపోతుంది. అందువల్ల ఇంజనీర్లు 1.2 మీటర్ల నుండి 2.4 మీటర్ల మందాన కంకర మెత్తవలె పరచి, దానిపై దారిని నిలిపారు. ఆ కంకర నేలకు దుప్పటి వంటిది. మన ప్రాంతంలో దుప్పటి చలి నుండి కాపాడితే, అక్కడ ఈ దుప్పటి నేలలోని చలిని కాపాడుతుంది. దారి అంచు మెత్తగా ఉండి, పక్కనున్న చిత్తడి నేల కంటె ఎత్తుగా ఉంటుంది. బరువైన వాహనాన్ని అంచుకు పోనిచ్చినవాడు తిరిగి దారిమీదకు రావడం కష్టం.

ఇటువంటి దారిన నేటి యాత్రికులు తీసుకువెళ్ళే వాహనాన్ని మోటార్‌హోమ్ అంటారు. ఇది చక్రాలపై కదిలే చిన్న ఇల్లు. డ్రైవరు స్థానం వెనుక పడకలు, వంటపొయ్యి, రిఫ్రిజిరేటరు, స్నానపు గది అమరి ఉంటాయి. మంచినీటికి ఒక ట్యాంకు, వాడిన నీటికి ఒక ట్యాంకు, మరుగుదొడ్డి మలినానికి వేరొక ట్యాంకు ఉంటాయి. వంటకు, వెచ్చదనానికి ప్రొపేన్ వాయువును, దీపాలకు ప్రత్యేకమైన బ్యాటరీని వాడతారు. చూడడానికి సకల సౌకర్యాలతో ఉన్న ఈ వాహనం యాత్రికునిలో ఒక భ్రమను కలిగిస్తుంది. ఇల్లే వెంట ఉన్నది కనుక ఇక భయమేమి అని అతడు తలుస్తాడు. అయితే ఇంటికి ఉన్న సౌకర్యాలలో చాలాభాగం ఇంటి గోడల లోపల లేవు. నీటి గొట్టం, కరెంటు తీగ, వీధి చివరి అంగడి, పిలిస్తే పలికే ఇరుగుపొరుగు ఇవన్నీ ఇంటికి వెలుపలనే ఉన్నాయి. మోటార్‌హోమ్ ఇంటిని తీసుకువెళ్ళగలదు గాని ఊరిని తీసుకువెళ్ళలేదు. ఆ ఊరి లోటును పూరించడమే సన్నాహం.

సన్నాహంలో మొదటిది కాలనిర్ణయం. దారిలో పీల్ నది, మెకంజీ నది అనే రెండు పెద్ద నదులున్నాయి. వాటిపై వంతెనలు లేవు. కృష్ణా గోదావరి తీరాలవారు బల్లకట్టు అనీ, పంటు అనీ పిలిచే సాధనం వంటి పెద్ద పడవలపై వేసవిలో వాహనాలను దాటిస్తారు. శీతకాలంలో నది గడ్డకట్టిన తరువాత మంచుమీదుగానే దారి వేస్తారు. నీరు గడ్డకట్టే రోజులలోను, మంచు విరిగే రోజులలోను రెండు మార్గాలూ మూసివేయబడతాయి. కనుక మోటార్‌హోమ్ యాత్రికులు సాధారణంగా జూన్ మధ్య నుండి సెప్టెంబరు మొదటి రోజుల వరకు గల కాలాన్ని ఎంచుకుంటారు. జూన్ మాసంలో ఆర్కిటిక్ వలయం వద్ద సూర్యాస్తమయం లేని రోజులు ఉంటాయి. వెలుతురు ఉన్నది కదా అని అలసటను గుర్తించక నడిపేవారు ప్రమాదాలకు లోనవుతారు. పడక వద్ద కిటికీలకు మందపు తెరలు కట్టుకొని, గడియారం చూసి నిద్రించడం అక్కడ ఒక క్రమశిక్షణ.

రెండవది ఇంధనపు లెక్క. డాసన్ సిటీలో ఇంధనం నింపుకొన్నవాడు కూడలి వరకు 40 కిలోమీటర్లు, అక్కడి నుండి ఈగిల్ ప్లెయిన్స్ వరకు 369 కిలోమీటర్లు, మొత్తం 409 కిలోమీటర్లు పోవలసి ఉంటుంది. వాహనం నూరు కిలోమీటర్లకు 30 లీటర్లు తాగేదైతే సుమారు 123 లీటర్లు కావాలి. అయితే ఇది చదునైన దారిన, గాలి ఎదురు లేని రోజున సరిపోయే లెక్క. ఎదురుగాలి, బురద, ఎత్తు దారులను దృష్టిలో ఉంచుకొని అందులో మూడవ వంతు కలుపుకొంటే 164 లీటర్లు అవుతుంది. ట్యాంకు అంతకంటె చిన్నదైతే, అనుమతించిన డబ్బాలలో అదనపు ఇంధనం తీసుకొనిపోవాలి. అవసరమైన దానిని కనుగొని, దానికి అనుమానాన్ని కలుపుకొన్నవాడే సరియైన లెక్క కట్టినవాడు.

మూడవది బరువు. ప్రతి వాహనానికి దాని తయారీదారు ఒక గరిష్ఠ భారాన్ని నిర్ణయిస్తాడు. ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగుతుంది. 150 లీటర్ల మంచినీటి ట్యాంకు నింపితే ఇద్దరు మనుషులు అదనంగా ఎక్కినట్లే. ఆహారం, పనిముట్లు, డబ్బాల ఇంధనం అన్నీ కలిపి చూసుకోకపోతే టైర్లపై భారం మితిమీరుతుంది. అందువల్ల బయలుదేరే ముందు అన్నీ నింపి, అందరూ కూర్చొని, లారీలు తూచే కాటాపై వాహనాన్ని తూచుకోవడం ఉత్తమం. బరువైన వస్తువులను క్రిందను, తేలికైనవాటిని పైన సర్దాలి. కంకర దారి అదురుకు అలమరల గడియలు ఊడతాయి, మరలు వదులవుతాయి. ఒక స్క్రూడ్రైవరు, కొంత తాడు, అంటుపట్టీ ప్రతిదినం పనికివచ్చే వస్తువులు.

నాలుగవది చక్రాలు. ఆ దారి కంకరలో పలక రాయి ముక్కలు కత్తి అంచువలె ఉంటాయి. టైర్లు చీలడం అక్కడ అరుదు కాదు. ఒక స్టెప్నీ చాలదు, రెండు ఉండడం మేలు. స్టెప్నీ ఉంటే చాలదు, వాహనపు బరువును ఎత్తగల జాకీ ఉండాలి. జాకీ ఉంటే చాలదు, చక్రం మార్చడం ఇంటి ముంగిట ఒకసారి చేసి చూసి ఉండాలి. ప్రతి ఉదయం చక్రాలు చల్లగా ఉన్నప్పుడే గాలి పరీక్షించుకోవాలి. గంటకు 50, 60 కిలోమీటర్ల వేగం మించకుండా నడపడం, ఎదురుగా లారీ వచ్చినప్పుడు వేగం తగ్గించి పక్కకు జరగడం, పగటివేళ కూడా దీపాలు వెలిగించి ఉంచడం మంచి అలవాట్లు. ఆ వేగంతో 736 కిలోమీటర్లకు పన్నెండు నుండి పదిహేను గంటల నడక పడుతుంది. కనుక ఒక వైపు ప్రయాణానికి రెండు, మూడు రోజులు కేటాయించుకోవాలి. వాహనం అద్దెకు తీసుకొన్నదైతే ఒప్పందాన్ని ముందుగా చదవాలి. కంకర దారులపై నడపరాదన్న షరతు చాలా ఒప్పందాలలో ఉంటుంది.

ఐదవది అన్నపానాలు, ఆరోగ్యం. నదులలో నీరు పుష్కలంగా కనిపించినా, మరిగించకుండా తాగడం క్షేమం కాదు. ఎనిమిది రోజుల యాత్రకు పన్నెండు రోజుల ఆహారం తీసుకువెళ్ళడం వివేకం. ఎందుకంటే నది పొంగినా, దారి కోసుకుపోయినా, బల్లకట్టు ఆగిపోవచ్చు. ఆ రేవులో ఎదురుచూడడం తప్ప వేరు మార్గం ఉండదు. నిత్యం వాడే మందులు రెట్టింపు ఉంచుకోవాలి. ఆ మార్గానికి ఆసుపత్రులు రెండు కొసలనే, డాసన్ సిటీలోను ఇనూవిక్‌లోను ఉన్నాయి. వేసవిలో దోమలు విపరీతం కనుక తల కప్పే వల ఉండాలి. ఎలుగుబంట్లు తిరిగే ప్రదేశం కనుక ఆహారాన్ని, చెత్తను వాహనం వెలుపల ఉంచరాదు. మలినపు ట్యాంకులను నిర్దేశించిన చోటనే ఖాళీ చేయాలి. గడ్డకట్టిన నేలలో కుళ్ళడం, కలిసిపోవడం బహు నెమ్మదిగా జరుగుతాయి. మనం ఒక్క పూటలో వదిలిన మలినం అక్కడ ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

ఆరవది వార్త. సెల్‌ఫోను పనిచేయని చోట ఉపగ్రహం ద్వారా సందేశం పంపగల చిన్న సాధనం ఎంతో అక్కరకు వస్తుంది. అయితే సాధనం కంటె ముఖ్యమైనది మనిషి. ఏ దారిన వెళుతున్నాము, ఎక్కడెక్కడ ఆగుతాము, ఏ తేదీలోగా కబురు అందకపోతే అధికారులకు తెలియజేయాలి అనే వివరాలు ఒక కాగితంపై వ్రాసి, నమ్మకమైన వ్యక్తి చేతికి ఇచ్చి వెళ్ళాలి. దారి స్థితిగతులను యూకాన్ ప్రభుత్వం ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. 71వ కిలోమీటరు దాటిన వెంటనే టూంబ్‌స్టోన్ ఉద్యానవనపు సమాచార కేంద్రం ఉన్నది. అక్కడ ఆగి, ఎదురువచ్చిన వారినీ, అక్కడి ఉద్యోగులనూ అడిగి ముందుకు సాగడం మంచిది.

ఇన్ని జాగ్రత్తలు అవసరమా అనే ప్రశ్న పాఠకునికి కలగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం ఆ రహదారి పేరులోనే ఉన్నది.

ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశాబ్దులలో 'రాయల్ నార్త్‌వెస్ట్ మౌంటెడ్ పోలీస్' అనే దళం ప్రతి శీతకాలం డాసన్ సిటీ, ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌ల మధ్య ఉత్తరాలు మోసుకొని వెళ్ళేది. కుక్కలు లాగే స్లెడ్జి బండ్లపై సుమారు 760 కిలోమీటర్ల ప్రయాణం అది. 1910 డిసెంబరు 21న ఇన్‌స్పెక్టర్ ఫ్రాన్సిస్ ఫిట్జ్‌జెరాల్డ్ నాయకత్వాన నలుగురు ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుండి బయలుదేరారు. ఫిట్జ్‌జెరాల్డ్ అనుభవం లేనివాడు కాదు. ఉత్తర ప్రాంతంలో ఎన్నో ఏళ్ళు పనిచేసినవాడు. అతని తప్పు అజ్ఞానం వల్ల కలిగినది కాదు, తొందర వల్ల కలిగినది. త్వరగా గమ్యం చేరాలన్న తలంపుతో బండ్లను తేలిక చేశాడు. ఆ యాత్రకు అలవాటుగా తీసుకువెళ్ళే దానికంటె తక్కువ ఆహారం తీసుకున్నాడు. మార్గదర్శిగా కార్టర్ అనే మాజీ పోలీసును వెంటబెట్టుకొన్నాడు. కార్టర్ ఆ దారిన అంతకుముందు ఒక్కసారే వెళ్ళాడు. అదీ ఎదురు దిశలో, డాసన్ నుండి మెక్‌ఫర్సన్‌కు.

ఆ నేలపై తరతరాలుగా జీవిస్తున్నవారు గ్విచిన్ జాతి ప్రజలు. ఏ వాగు ఎక్కడ కలుస్తుందో, ఏ కనుమ ఎటు పోతుందో వారికి కంఠపాఠం. పోలీసులు దారిలో ఈసావ్ జార్జ్ అనే గ్విచిన్ వ్యక్తిని కలుసుకొని, కొద్ది రోజులపాటు అతని సాయం పొందారు. 1911 జనవరి 1న అతనికి ఇవ్వవలసిన సొమ్ము చెల్లించి పంపివేశారు. అటుపై దారి తామే కనుగొనగలమని వారు తలచారు.

జనవరి రెండవ వారంలో వారు ఫారెస్ట్ క్రీక్ అనే వాగు వద్ద మలుపు తిరగవలసి ఉంది. ఆ వాగు కార్టర్‌కు కనబడలేదు. ఒక వాగు వెంట పోవడం, అది కాదని తెలిసి వెనుకకు రావడం, మరొక వాగు వెంట పోవడం, ఈ విధంగా సుమారు ఒక వారం వెదికారు. ఆ శీతకాలంలో చలి మైనస్ 50 డిగ్రీల సెల్సియస్ వరకు దిగింది. ఆహారం దాదాపు అడుగంటిన తరువాత, జనవరి 18న వారు వెనుదిరిగారు. అప్పటికే ఆలస్యమైంది. ఒక్కొక్క కుక్కనూ చంపి తింటూ నడిచారు. ఫిట్జ్‌జెరాల్డ్ దినచర్య పుస్తకంలో చివరి వ్రాత ఫిబ్రవరి 5వ తేదీది. వారిలో ఒక్కరు కూడా ప్రాణాలతో తిరిగి చేరలేదు.

ఫిబ్రవరి 20న ఈసావ్ జార్జ్ మరికొందరితో కలిసి డాసన్ చేరి, పోలీసులు ఇంకా రాలేదని విని ఆశ్చర్యపడ్డాడు. తాను వారిని సంవత్సరాది నాడే విడిచి వచ్చినట్లు చెప్పాడు. ఆ మాటతో ప్రమాదం బయటపడింది. ఫిబ్రవరి 28న కార్పొరల్ విలియం జాన్ డంకన్ డెంప్‌స్టర్ వారిని వెదకడానికి బయలుదేరాడు. ఆయన తన వెంట చార్లీ స్టూవర్ట్ అనే గ్విచిన్ మార్గదర్శిని తీసుకువెళ్ళాడు. మార్చి మూడవ వారంలో నలుగురి శవాలూ కనబడ్డాయి. చివరి ఇద్దరు ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరం వరకు రాగలిగారు. నేటి మోటార్‌హోమ్ ఆ దూరాన్ని ఒక గంటలో దాటుతుంది. ఆ దుర్ఘటన తరువాత దారిని గుర్తించి, మార్గమధ్యంలో గుడిసెలు, ఆహార నిల్వలు ఏర్పాటు చేసే పని డెంప్‌స్టర్‌కే అప్పగించబడింది. ఆ పాత స్లెడ్జి బాటను కొంతవరకు అనుసరించి నిర్మించిన రహదారికి ఆయన పేరు పెట్టారు.

ఈ రెండు కథలను కలిపి చూసినప్పుడు సన్నాహం అనే మాటకు అర్థం స్పష్టమవుతుంది. ఫిట్జ్‌జెరాల్డ్ దళానికి లోపించినవి మూడు. అవి అనుమానాన్ని కలుపుకొన్న లెక్క, నేల ఎరిగినవాని తోడు, సకాలంలో వెనుదిరగాలన్న నిశ్చయం. నేటి యాత్రికునికి ఉపగ్రహాలున్నాయి, రేవులున్నాయి, ఇంధన కేంద్రముంది. అయినా ఆ మూడింటి అవసరం తీరలేదు. ఎనిమిది రోజులకు పన్నెండు రోజుల ఆహారం మొదటిది. సమాచార కేంద్రంలో ఆగి దారి అడగడం రెండవది. మూడవది అన్నిటికంటె కష్టమైనది. ఇంధనం ఇంత మాత్రమే మిగిలితే, రెండవ టైరు కూడా చీలితే, నది దాటడానికి ఇన్ని రోజులు పడితే వెనుకకు మరలుతామని ఇంటివద్దనే, నిదానంగా ఆలోచించగల వేళనే నిర్ణయించుకొని, కాగితంపై వ్రాసుకోవాలి. దారి మధ్యలో, గమ్యం దగ్గరలోనే ఉన్నదన్న ఆశ మనస్సును లాగుతున్నప్పుడు, ఆ నిర్ణయం చేయడం ఎవరికైనా కష్టమే. వెనుదిరగడం ఓటమి కాదు, మరుసటి ఏటి యాత్రకు మిగుల్చుకొన్న పెట్టుబడి.

డెంప్‌స్టర్ రహదారిపై నేడు ప్రయాణించే యాత్రికులు శరత్కాలంలో కొండవాలులు ఎర్రబారడాన్ని, వేలాది కారిబూ జింకలు దారి దాటడాన్ని చూస్తారు. చెట్లు క్రమంగా చిన్నవై, చివరకు లేకుండాపోయే నేలను చూస్తారు. అటువంటి దృశ్యాలను నిశ్చింతగా చూడగలిగే భాగ్యం, బయలుదేరడానికి ముందు ఇంటివద్ద చింతించినవానికే లభిస్తుంది. రోజులు లెక్కించుకొని వేగంగా వెళ్ళదలచినవాని పేరు గాక, తోటివారిని వెదుకుతూ, దారి తెలిసినవానిని వెంటబెట్టుకొని వెళ్ళినవాని పేరు ఆ దారికి నిలిచి ఉండడం ఎంతో సముచితం.

కఠిన పదాలకు అర్థాలు

సన్నాహం = ప్రయత్నం, సిద్ధపాటు
మజిలీ = ప్రయాణంలో దిగే చోటు, విడిది
పరివారం = వెంట ఉండే జనం
నిర్మానుష్యం = మనుషులు లేనిది
కనుమ = కొండల నడుమ దారి
కాటా = బరువు తూచే సాధనం
బల్లకట్టు = మనుషులను, వాహనాలను నది దాటించే సాధనం
శాశ్వత హిమభూమి = ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల
అడుగంటు = పూర్తిగా తరిగిపోవు
దినచర్య పుస్తకం = ప్రతిదినం జరిగినవి వ్రాసుకొనే పుస్తకం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. డెంప్‌స్టర్ రహదారిన మోటార్‌హోమ్ యాత్రకు చేసుకోవలసిన సన్నాహాలను వివరించండి.
2. 1910–11 శీతకాలంలో జరిగిన దుర్ఘటనను తెలిపి, అందుండి నేటి యాత్రికుడు నేర్చుకోవలసిన విషయాలను చర్చించండి.

ఆ) లఘు సమాధాన ప్రశ్నలు
1. శాశ్వత హిమభూమిపై దారిని ఏ విధంగా నిర్మించారు? ఎందుకు?
2. పీల్, మెకంజీ నదులను దాటే విధానాలను తెలపండి.
3. వెనుదిరగవలసిన సందర్భాలను ఇంటివద్దనే ఎందుకు నిర్ణయించుకోవాలి?

ఇ) సందర్భ సహిత వ్యాఖ్యలు
1. "మోటార్‌హోమ్ ఇంటిని తీసుకువెళ్ళగలదు గాని ఊరిని తీసుకువెళ్ళలేదు."
2. "అతని తప్పు అజ్ఞానం వల్ల కలిగినది కాదు, తొందర వల్ల కలిగినది."

ఈ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఏనుగుల వీరాస్వామయ్య ఏ తేదీన యాత్రకు బయలుదేరాడు?
2. డెంప్‌స్టర్ రహదారి ఏ సంవత్సరంలో పూర్తయింది?
3. కార్టర్ ఆ దారిన అంతకుముందు ఎన్నిసార్లు ప్రయాణించాడు?
4. డెంప్‌స్టర్ వెంట వెళ్ళిన మార్గదర్శి ఎవరు?

ఉ) భాషాంశాలు
1. సంధి విడదీసి, సంధి పేరు వ్రాయండి: సూర్యాస్తమయం, అత్యధికం.
మాదిరి: సహాయావసరం = సహాయ + అవసరం – సవర్ణదీర్ఘ సంధి.
2. విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు తెలపండి: అన్నపానాలు, నదీతీరం.
మాదిరి: రెండు నదులు = రెండు సంఖ్య గల నదులు – ద్విగు సమాసం.

ఊ) ప్రాజెక్టు పని
మీ కుటుంబంతో మూడు రోజుల ప్రయాణానికి వెళ్ళవలసి వచ్చిందని భావించి, ఇంధనం, నీరు, ఆహారం, మందుల లెక్కలతో ఒక పట్టిక తయారుచేయండి. ఏయే పరిస్థితులలో వెనుదిరగాలో కూడా అందులో పేర్కొనండి. ఆ దారిన తరచుగా వెళ్ళే లారీ డ్రైవరును గాని, బస్సు డ్రైవరును గాని కలిసి, మీ పట్టికలో ఏమి లోపించిందో అడిగి వ్రాయండి.